ఆవిడ చదవని వార్తలు

ఫిబ్రవరి 3, మంగళవారం

ఇవాళ కమిటీ గదిలో మా ఆవిడ గొంతు వినిపించారు.

వాళ్ళకి అది ఏడో నమూనా. ప్రభుత్వ ఆఫీసులన్నిటి తరఫునా జనంతో ఫోన్లో మాట్లాడబోయే యంత్రానికి ఏ గొంతు పెట్టాలో తేల్చే ఆఖరి సమావేశం. జాతీయ రేడియో వాళ్ళు తమ పాత రికార్డులన్నీ ఆ యంత్రం తయారుచేసే మా కేంద్రానికి అప్పజెప్పారు. మా ఇంజినీర్లు వాటితో రకరకాల గొంతులు తయారు చేశారు. ఊళ్ళు తిరిగి జనానికి వినిపించి, "ఈ గొంతు చెబితే నమ్ముతారా?" అని అడిగి వచ్చారు. ఏడో నమూనా ముందు మిగతావి దిగదుడుపేనట.

"నమస్కారం. మీ దరఖాస్తు మాకు అందింది" అంది.

ఆ 'ఖా' ఒత్తు చాలు నాకు. రేడియోలో వార్తలు చదివినన్నాళ్ళూ ఆవిడ ఒక్క ఒత్తు మింగలేదు. పోయి నాలుగేళ్ళవుతోంది. కలలోకి వస్తుంది కానీ మాట్లాడదు. వంటింట్లో అటు తిరిగి నిలబడి ఏదో వెతుక్కుంటూ ఉంటుంది, అంతే. ఇవాళ మాట్లాడింది.

కార్యదర్శి గారికి సంగతి తెలుసు. నా వైపు వంగి, "మీకేం అభ్యంతరం లేదు కదా?" అన్నారు.

"ప్రమాణాల విభాగం తరఫున ఏమీ లేదండీ" అన్నాను.

చేతులెత్తమన్నారు. నేను ఎత్తలేదు. సొంత మనిషి విషయంలో చెయ్యెత్తడం పద్ధతి కాదు. ఎత్తినవాళ్ళని లెక్కపెట్టడం మా విభాగం పని కాబట్టి, లెక్కపెట్టి చెప్పాను.

ఫిబ్రవరి 4

అంగీకారపత్రం పంపారు. చట్టం ప్రకారం అక్కర్లేదట. రికార్డులు రేడియోవి, రేడియో ప్రభుత్వానిది. కుటుంబం సంతకం మర్యాద కోసం.

సొరుగులో పెట్టాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

అమ్మాయీ, మా బావమరిదీ వచ్చారు. భోజనాలయ్యాక చెప్పాను. అమ్మాయి ప్లేటు పక్కకి జరిపి అలాగే కూర్చుంది. పిల్లల వార్డులో డాక్టరయ్యాక దీనికి ఈ అలవాటొచ్చింది. చెడ్డ కబురు వింటే ముందు చేతులు కదలకుండా పెట్టుకుంటుంది.

బావమరిది ముందు నవ్వాడు. "బతికున్నప్పుడు అక్కయ్య నీ మాటే వినలేదు. ఇప్పుడు ప్రభుత్వం మాట వింటుందా బావా?"

తర్వాత వాడే పడవ సంగతి తీశాడు. పడవ బోల్తా పడింది, అందరూ క్షేమం అని వార్తల్లో చదవమని ఒకసారి కాగితం వచ్చింది. ఆవిడ దాన్ని చేత్తో పట్టుకుని, రేవు దగ్గరి పోలీసు స్టేషనుకి తనే ఫోన్ చేసింది. వార్తలు ఆలస్యమయ్యాయి. మెమో ఇచ్చారు. ఆ మెమోని నాలుగు మడతలు పెట్టి ఇదే బల్ల కుంటి కాలి కింద పెట్టింది.

"అమ్మది ఉద్యోగం నాన్నా" అంది అమ్మాయి. "ఉద్యోగంలో సెలవు పెట్టొచ్చు. చదవనని చెప్పొచ్చు. దీనికేం వీలుంది?"

"ఇది వార్తలు కాదమ్మా. మీ దరఖాస్తు అందింది, మీ వంతు ఫలానా రోజున, ఇలాంటివి."

"ఇవాళ అవి. రేపు?"

"రేపటి సంగతి చూసుకోడానికే కదా నా విభాగం ఉన్నది."

అమ్మాయి సంచీ తీసుకుని లేచింది. వెళ్ళేటప్పుడు వాకిట్లో చెప్పులు వేసుకుంటూ, "నీకు వినాలని ఉంది కదూ" అంది. తల ఎత్తలేదు.

లేదన్నాను.

ఫిబ్రవరి 9

సంతకం పెట్టాను. మర్యాద కోసం.

ఫిబ్రవరి 20

పరీక్షల గదికి వెళ్ళాను. గొంతు పని చూసే ఇంజినీరు కళ్ళజోడు పిల్ల. అందరూ కళ్ళజోడనే పిలుస్తారు, తనూ పలుకుతుంది. ఉచ్చారణ తనిఖీ చెయ్యాలని చెప్తే కుర్చీ చూపించింది. మనం వాక్యం టైపు చేస్తే యంత్రం చదువుతుంది.

కఠిన పదాలు వరసగా ఇచ్చాను. అన్నీ శుభ్రంగా పలికింది. తర్వాత 'ఏమండీ' అని కొట్టాను.

పలికింది. కానీ బట్టల కొట్లో కౌంటరు అవతలి మనిషిని పిలిచినట్టుంది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే.

"ఆ మాట రికార్డుల్లో ఎక్కడా లేదు సర్" అంది కళ్ళజోడు. "వార్తల్లో ఎవరూ ఏమండీ అనరు కదా. యంత్రం ఊహించి చెబుతోంది."

నిజమే. ఆవిడ రేడియోలో ఎవర్నీ అలా పిలవలేదు. పిలిచింది నన్నే.

రిపోర్టులో 'ఆత్మీయ సంబోధనల్లో లోపం' అని రాశాను. సాంకేతికమైన పరిశీలన.

మార్చి 6

సమావేశం. మంత్రిత్వ శాఖ నుంచి వచ్చినాయన అన్నాడు: గొంతు మీద నమ్మకం ఉంది, కానీ కాస్త దూరంగా ఉంది. వార్తలు విన్నట్టుంది. ఇంట్లో మనిషి చెప్పినట్టుండాలి.

ఇంకో గొడవ. ప్రతి ఫోనులో మొదట "నేను మనిషిని కాను, యంత్రాన్ని" అని చెప్పేలా కళ్ళజోడు ఏర్పాటు చేసింది. ఆ వాక్యం వినగానే జనం నమ్మకం సగానికి పడిపోతోందట. ఉండాలా తియ్యాలా? భాషాపరంగా నా అభిప్రాయం అడిగారు. వాక్యం మరీ మొరటుగా ఉందన్నాను. ఉంది కూడా. దాన్ని వెబ్‌సైటులో అడుగున పెట్టాలని తీర్మానించారు.

కళ్ళజోడు నా వైపు చూసింది. నేను చెప్పింది వాక్యం గురించి.

మార్చి 7

బీరువా పైఅరలో అమ్మాయి చిన్నప్పటి క్యాసెట్లు ఉన్నాయి. టేప్‌రికార్డరు కొన్న కొత్తలో ఆవిడ ఇంట్లో అన్నీ రికార్డు చేసేది. కేంద్రానికి ఇచ్చాను. కాపీ తీసుకుని తిరిగి ఇచ్చేస్తారు. పాత టేపులు ఎలాగూ పాడైపోతున్నాయి, ఈ వంకన భద్రపడతాయి.

వినకుండానే ఇచ్చాను. మా టేప్‌రికార్డరు ఎప్పుడో చెడిపోయింది.

అమ్మాయికి చెప్పాలి.

మార్చి 19

క్యాసెట్లు తిరిగొచ్చాయి. బీరువాలో పెట్టేశాను.

మధ్యాహ్నం తనిఖీ. 'ఏమండీ' అని కొట్టాను.

కళ్ళజోడు లేచి బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

ఏమండీ. భోంచేశారా. తలుపు గడియ పెట్టారా. మీ కళ్ళజోడు మళ్ళీ ఎక్కడ పెట్టారు. ఎంత సేపు కొట్టానో తెలీదు, వేళ్ళు నొప్పెట్టాయి. ఆవిడ ఎప్పుడూ అనని మాట ఒకటి కొట్టాను, ఇక్కడ రాయను. అదీ అంది. తడుముకోకుండా అంది.

రిపోర్టు: ఉచ్చారణ సంతృప్తికరం.

అమ్మాయికి ఇంకా చెప్పలేదు. వార్డులో పని ఎక్కువగా ఉందట.

ఏప్రిల్ 15

ప్రారంభమైంది. పొద్దుటి నుంచీ దేశమంతా ఆవిడతో మాట్లాడుతోంది.

సాయంత్రం బావమరిది ఫోన్. "బావా, ఇంటి పన్ను ఆఫీసుకి చేస్తే అక్కయ్య ఎత్తింది. నన్ను వరసలో ఉండమంది! సొంత తమ్ముణ్ణి! చిన్నప్పుడు సినిమా హాలు దగ్గర నన్ను చంకనేసుకుని, అందర్నీ తోసుకుంటూ ముందుకెళ్ళిన మనిషి నన్ను వరసలో ఉండమంటోంది!"

నవ్వుతూ మొదలెట్టాడు. తర్వాత ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "ఫోన్ పెట్టబుద్ధి కాలేదు బావా. పనయిపోయినా లైన్లోనే ఉండిపోయాను" అన్నాడు.

మే 10

బస్‌స్టాపులో స్పీకర్లు పెట్టారు. బస్సు ఆలస్యమని చెప్పింది. పక్కనున్న ముసలామె చీర చెంగు సర్దుకుని, "సరేలే అమ్మా, ఏం చేస్తావు పాపం" అంది స్పీకరుతో.

నేను రెండు బస్సులు వదిలేశాను.

మే 27

అమ్మాయి ఈ గొంతు వినకుండా తిరుగుతోంది. ఆస్పత్రి ఫోనులో ఇదే వస్తుందని వార్డు నుంచి మెట్లు దిగి వెళ్ళి మనుషులతో మాట్లాడుతోందట. అలవాటైపోతుందన్నాను. "అదే నాన్నా నా భయం" అంది.

జూన్ 11, గురువారం

తూర్పు వైపు పేటల్లో కుళాయి నీళ్ళు రంగు మారాయని మూడు నాలుగు రోజులుగా అంటున్నారు. జనం ట్యాంకర్ల దగ్గర తొక్కుకుంటున్నారు. నిన్న ఒక పెద్దాయన కాళ్ళ కింద పడి నలిగిపోయాడు. అందుకని ఇవాళ ప్రకటన. యంత్రం అందరికీ ఫోన్ చేసి చెబుతుంది, ఎవరు అడిగినా అదే జవాబిస్తుంది.

నీటి శాఖ పంపిన వాక్యం: "సదరు నీటిని వినియోగించుటలో ఎట్టి అభ్యంతరమును లేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఈ భాషతోనే నా పోట్లాట. ఇది విని ఎవరికి అర్థమవుతుంది? కొట్టేసి రాశాను: "మీ కుళాయి నీళ్ళు తాగొచ్చు. ఏం కాదు."

కళ్ళజోడు అడిగింది. "నీళ్ళ పరీక్ష రిపోర్టు వచ్చిందా సర్?"

"అది నీటి శాఖ పని."

"వచ్చిందో లేదో కనుక్కుంటే..."

"నాలుగో అధ్యాయం చూడమ్మా. భాష, ఉచ్చారణ, స్పష్టత. అంతవరకే మన పరిధి."

నాలుగో అధ్యాయం రాసింది నేనే. పరిధులు లేకపోతే సంస్థలు నడవవు. కార్యదర్శి గారు కాగితం చూసి, "ఇదీ తెలుగంటే!" అని భుజం తట్టారు.

జూన్ 12

ట్యాంకర్ల దగ్గర గుంపులు తగ్గాయట.

జూన్ 14

అమ్మాయి ఫోన్ ఎత్తడం లేదు. డ్యూటీలో ఉంటుంది.

జూన్ 15

ఎత్తడం లేదు.

జూన్ 17, బుధవారం

పొద్దున్నే వచ్చింది. ఆస్పత్రి నుంచి సరాసరి. జుట్టుకి ఇంకా వార్డులో పెట్టుకునే నీలం టోపీ ఉంది.

టీ పెడతానన్నాను. వద్దంది. నిలబడే మాట్లాడింది.

వార్డులో మంచాలు చాలక నేల మీద పడుకోబెట్టారు. అందరూ తూర్పు పేటల పిల్లలే. మొదట్లో రంగు చూసి భయపడి నీళ్ళు కాచినవాళ్ళు, ఫోన్ వచ్చాక మానేశారు. నిన్న సాయంత్రం ఒక పిల్లాడు పోయాడు.

"వాళ్ళమ్మని అడిగాను, కాచి పట్టలేదా అని. ఆవిడే చెప్పింది కదా డాక్టరమ్మా అంది. ఆవిడ. ఏదో పక్కింటావిడ అన్నట్టు."

నీటి శాఖ తప్పుడు సమాచారం ఇచ్చిందని చెప్పబోయాను.

"ఆగు నాన్నా. వార్డులో ఒకామె ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది, మీరూ వినండి అని. విన్నాను. ఏం కాదు. నాకు ఆరేళ్ళప్పుడు జ్వరం తగ్గక వాన్లో ఆస్పత్రికి తీసుకెళ్ళలేక, మంచం పక్కన కూర్చుని అమ్మ అలా అంది. ఏం కాదు అని. సరిగ్గా అలాగే. కా దగ్గర గొంతు కొంచెం తగ్గించి. అమ్మ రేడియోలో ఎప్పుడూ అలా అనలేదు. మీ యంత్రానికి ఎక్కడిది?"

"అది... యంత్రం నేర్చుకుంటుందమ్మా. ఊహించి చెబుతుంది."

నా మొహం చూస్తూ ఉంది. తర్వాత బీరువా దగ్గరికి వెళ్ళింది. క్యాసెట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. "చూడు, ఇక్కడే ఉన్నాయి కదా" అన్నాను కూడా. ఒకటి తీసి తిప్పింది. వెనక కేంద్రం వాళ్ళ స్టిక్కరు. నేను ఎన్నిసార్లు బీరువా తీశానో, ఒక్కసారైనా తిప్పి చూసుకోలేదు.

ఏడవలేదు. క్యాసెట్లన్నీ తన సంచిలో వేసుకుంది.

"ఆ వాక్యం ఎవరు రాశారో కూడా అడగాలా?"

అడగొద్దన్నాను.

జూన్ 18

మా ఆవిడైతే అది చదివి ఉండేది కాదు. ఫోన్ చేసేది. చేసేది. నాకు తెలుసు.

జూన్ 22

ఇంటి ఫోన్ మోగింది. అమ్మాయి అనుకున్నాను.

"నమస్కారం. నీళ్ళు కాచి చల్లార్చి తాగండి. పిల్లలకి విరేచనాలైతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి." అదే మెత్తదనం. మొన్న చెప్పిన మాటకి ఇది పూర్తిగా వ్యతిరేకమని ఆ గొంతులో ఇసుమంత కూడా తెలియదు. మా ఆవిడైతే ఇక్కడ గొంతు వణికి ఉండేది. లేకపోతే చదవడం ఆపేసి మైకు ముందు ఊరికే కూర్చునేది.

మళ్ళీ మోగింది. మళ్ళీ ఎత్తాను. ఎత్తకుండా ఉండలేకపోయాను.

జూన్ 23

ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నా వినిపిస్తోంది. వీధిలో వ్యాను వెళ్తే, పక్క వాటాలో టీవీ పెడితే, అన్నిట్లోనూ. కుళాయి విప్పితే కూడా. కుళాయి కట్టేసి చెవి ఒగ్గి నిలబడ్డాను.

కలలోకి రావడం మానేసింది.

జూలై 2

విచారణ సంఘం వేశారు. అధ్యక్షురాలు పదవీ విరమణ చేసిన న్యాయమూర్తి. మా కేంద్రం తరఫున నేను వెళ్ళాలి.

కార్యదర్శి గారు తన గదికి పిలిచి, తలుపేసి, మంచినీళ్ళు తనే గ్లాసులో పోసి ఇచ్చారు. సీసా నీళ్ళు. "మనకేం మచ్చ లేదండీ. గొంతు మనది, మాట వాళ్ళది. మీ సంతకం భాష వరకే. ఉన్నదున్నట్టు చెప్పండి చాలు."

అబద్ధం చెప్పమనలేదు. ఆయన ఎప్పుడూ ఎవరినీ అబద్ధం చెప్పమనడు. వాంగ్మూలం టైపు చేసి సిద్ధంగా ఉంచారు. అందులో ప్రతి వాక్యం నిజమే. చదివాను. చక్కటి భాష.

"ఇంకో మాట. గొంతు మీ ఇంటి మనిషిదన్న సంగతి అక్కడ అప్రస్తుతం. ఆవిడ పేరు ఎందుకు బజారుకెక్కించడం?"

ఆ ఒక్క మాట నాకూ సబబుగానే తోచింది.

జూలై 5

బావమరిది వచ్చాడు. ఈసారి జోకులు లేవు. వాంగ్మూలం చూపించాను. రెండుసార్లు చదివి మడిచి ఇచ్చేశాడు.

"బాగుంది బావా. ఎవరు చెప్తున్నారో తెలీకుండా భలే రాశారు. జరిగింది, పంపబడింది, ఆమోదించబడింది. దెయ్యాలు చేసినట్టుంది."

"అలా రాయడమే పద్ధతి."

"అక్కయ్య దీన్ని చదివేదా?"

"అక్కయ్య ఊసెత్తకు."

"నేనెత్తకపోతే ఏం బావా? దేశమంతా ఎత్తుకుంటోంది."

జూలై 9, గురువారం

వెళ్ళాను. పొడుగాటి గది, కిటికీలకి దళసరి తెరలు, నీళ్ళ సీసాలు. వెనక వరసలో అమ్మాయి కూర్చుని ఉంది. వస్తుందని చెప్పలేదు. వార్డు తరఫున సాక్ష్యానికి వచ్చిందట.

టైపు చేసిన కాగితం తీసి చదవడం మొదలెట్టాను. "ప్రకటన పాఠము సంబంధిత శాఖ నుండి స్వీకరించబడి, భాషాపరముగా పరిశీలించబడినది." నా నోటి నుంచే వస్తోంది ఈ భాష. నేను ఇంత కాలం కొట్టేస్తూ వచ్చిన భాష. రెండో పేరా దగ్గర ఆగిపోయాను.

న్యాయమూర్తి కళ్ళద్దాల మీంచి చూశారు. "కొనసాగించండి."

"ఇది నేను చదవనండీ" అన్నాను.

గదిలో ఎవరో దగ్గారు. కార్యదర్శి గారు కాదు, ఆయన దగ్గరు కూడా.

తర్వాత ఏ వరసలో చెప్పానో గుర్తు లేదు. ఏం కాదు అన్న మాట నేను రాశానని చెప్పాను. నీటి శాఖ కాగితంలో అది లేదు. రిపోర్టు వచ్చిందా అని మా ఇంజినీరు అడిగితే పరిధి కాదన్నానని, ఆ పరిధి గీసింది నేనేనని చెప్పాను. యంత్రాన్నని చెప్పే వాక్యం తీసెయ్యడానికి నా మాట పనికొచ్చిందని చెప్పాను. గొంతు ఎవరిదో చెప్పాను. క్యాసెట్ల సంగతీ చెప్పాను. అక్కడ వెనక వరస వైపు చూడలేకపోయాను.

"మీరు తెలిసి చేశారా, తెలియక చేశారా?" అని అడిగారు న్యాయమూర్తి.

"తెలుసుకోకుండా చేశానండీ. తెలుసుకోకుండా ఉండటానికి వీలుగా రూల్సు రాసుకున్నాం. కాగితం ఒక్కో బల్ల మీద ఆగుతుంది. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో ముక్క చూస్తాం. ఇది నిజమా అని అడగాల్సిన బల్ల మాత్రం మా ఏర్పాటులో లేదు. రేడియోలో ఉండేది. చదివే మనిషి దగ్గర. చదివే మనిషిని తీసేసి గొంతు ఒక్కటే తెచ్చుకున్నాం."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ఆ గొంతుని ఆపెయ్యండి."

న్యాయమూర్తి ఏదో రాసుకున్నారు. కళ్ళజోడుని పిలిచి, ఇంటి క్యాసెట్ల నుంచి నేర్చుకున్నది యంత్రంలోంచి తీసెయ్యొచ్చా అని అడిగారు. "తియ్యలేమండీ, ఉప్పు నీళ్ళలో కలిసినట్టే. మళ్ళీ మొదటి నుంచి తయారు చెయ్యాలి" అంది.

బయట వరండాలో అమ్మాయి ఎదురుపడింది. పక్కన నిలబడింది. నా చొక్కా మీద మైకు తగిలించిన చోట కాలరు మడత పడితే సరిచేసి వెళ్ళిపోయింది.

జూలై 10

ఆఫీసుకి రావద్దని కబురు. సెలవులో ఉన్నట్టు లెక్క.

ఆగస్టు 12

విచారణ సంఘం నివేదిక వచ్చింది. ప్రతి ప్రకటనకీ నిజం సరిచూసిన అధికారి పేరు ఉండాలి, పేరు లేకపోతే యంత్రం నోరు విప్పకూడదు. మాట్లాడేముందు తను యంత్రమని చెప్పాలి. ఇంటి క్యాసెట్లు లేకుండా మళ్ళీ తయారు చెయ్యాలి. ఇవన్నీ ప్రభుత్వం ఒప్పుకుంది.

గొంతు మాత్రం ఉంటుంది. రేడియో రికార్డులు జాతి సంపదట. ఒక కుటుంబం కోరిక మీద వెనక్కి తీసుకోవడం కుదరదట.

అంటే మళ్ళీ వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది. నేను పోయాక కూడా మాట్లాడుతుంది. అమ్మాయి ముసలిదయ్యాక కూడా.

కార్యదర్శి గారిని ఇంకో పెద్ద సంస్థకి వేశారు. కిందపడ్డా మీసానికి మట్టి అంటలేదు. కళ్ళజోడు ఫోన్ చేసింది, కొత్త నాలుగో అధ్యాయం తనని రాయమన్నారట. ఏం రాయాలని అడిగింది. "పరిధి అన్న మాట లేకుండా రాయగలవేమో చూడు" అన్నాను.

నేను రాజీనామా పంపాను. ఒప్పుకున్నారు. అంత తొందరగా ఏ కాగితమూ మా ఆఫీసులో కదల్లేదు.

ఆగస్టు 20, గురువారం

నిన్న అమ్మాయి అడిగింది. "ఆ పిల్లాడి వాళ్ళింటికి వెళ్తున్నాను. వస్తావా?"

వెళ్ళాం. తూర్పు పేటలో ఇరుకు సందు. ముందు గదిలోనే కుట్టుమిషను. వాళ్ళమ్మ బడి పిల్లలకి యూనిఫారాలు కుడుతుంది. గోడ పక్కన తెల్ల చొక్కాలు దొంతరలుగా ఉన్నాయి, అన్నీ చిన్న సైజులు. అమ్మాయిని చూసి లేచింది. కుర్చీ మీది బట్టలు తీసి మమ్మల్ని కూర్చోమంది.

"మా నాన్నగారు" అంది అమ్మాయి. "అమ్మ రేడియోలో చదివేది. ఆ ఫోన్లో గొంతు మా అమ్మది."

ఆమె నన్ను చూసింది. నేను తిట్లకి సిద్ధపడి వెళ్ళాను. రాస్తున్నాను కాబట్టి నిజమే రాయాలి, తిడితే బాగుండునని వెళ్ళాను.

"నాకు ఆవిడ మీద కోపం లేదండీ" అంది. "ఆవిడకి ఎవరో తప్పు చెప్పుంటారు. మా అమ్మ కూడా ఆవిడ వార్తలు వినేది. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు."

"కాదమ్మా" అన్నాను.

"ఎలా ఉన్నారు ఆవిడ? ఇదంతా తెలిసి బాధపడుతున్నారా?"

అమ్మాయి నేల చూస్తోంది. యంత్రమని పేపర్లలో వచ్చింది, టీవీలో వచ్చింది. ఈ గదిలోకి రాలేదు.

"ఆవిడ లేరమ్మా. పోయి నాలుగేళ్ళు దాటింది."

ఆమె చేతిలో చొక్కా ఉంది. కాలరు ఒకవైపే కుట్టి ఉంది. దాన్ని మెల్లగా ఒళ్ళో పెట్టుకుంది.

"మరి ఆ రోజు నాతో మాట్లాడిందెవరండీ?"

నేను గోడ పక్కన చొక్కాల దొంతర వైపు చూశాను.

"నేను అడిగాను కూడానండీ. ఫోన్ వచ్చాక నాకు ఇంకా అనుమానంగా ఉండి మళ్ళీ చేశాను. చిన్నపిల్లాడండీ, పట్టొచ్చా అని అడిగాను. పట్టొచ్చమ్మా, ఏం కాదు అంది. అమ్మా అంది నన్ను. ఎవరండీ అది?"

"అది యంత్రమమ్మా. మాట నాది. నేను రాశాను. నేను రాసిందాన్ని అది ఆవిడ గొంతుతో చెప్పింది."

"మీరా?"

"నేనే."

ఆమె చాలాసేపు నా మొహంలోకి చూసింది. కోపం కాదు. ఏదో పోల్చుకోడానికి ప్రయత్నిస్తున్నట్టుంది.

"అయితే ఒకసారి చెప్పండి."

"ఏం చెప్పమంటారమ్మా?"

"అదే. ఏం కాదు అని. మీ గొంతుతో చెప్పండి. నేను నమ్మి ఉండేదాన్నో కాదో చూసుకుంటాను."

నోరు తెరిచాను. రెండు చిన్న మాటలు. అమ్మాయి నా వైపు తిరిగింది, సాయం చెయ్యడానికి కాదు, తనూ వినడానికి.

ఆమె కాసేపు ఎదురుచూసింది. తర్వాత లేచి మిషను దగ్గర కూర్చుని, ఒళ్ళోని చొక్కాకి కాలరు రెండో వైపు కుట్టడం మొదలెట్టింది.

మమ్మల్ని వెళ్ళమనలేదు. మేమూ లేవలేదు.